మోచేతి నొప్పికి ముంజేతిని చూడండి

పర్లాకిమిడిలో కొమ్ము బొమ్మలకు ఆకురాయి పట్టేవాళ్లయినా, గుణుపురం వైపు కొడవలితో వరి కోసేవాళ్లయినా, మోచేతి బయటి బొడిపె నొప్పెడితే అక్కడే నూనె రుద్దుతారు. నొప్పి తెలిసేది అక్కడే. దాన్ని లాగుతున్నవి మాత్రం ముంజేతి పైభాగపు కండరాలు. పిడి బిగించినంతసేపూ మణికట్టు వాలిపోకుండా ఆపేవి అవే.

ముందు పరీక్ష. మోచేయి చాపి, అరచేయి కిందికి ఉంచి పిడికిలి బిగించండి. రెండో చేత్తో అణుస్తూ మణికట్టు పైకెత్తండి. బొడిపె దగ్గర నొప్పి పుడితే ఈ కండరాలనే అనుమానించాలి.

బొడిపెకు 3, 4 వేళ్ల దిగువన తాడులా బిగిసిన చోటు తగులుతుంది. గోడకూ ముంజేతికీ మధ్య టెన్నిస్ బంతి పెట్టి, మణికట్టు నుంచి మోచేతి వైపు నెమ్మదిగా 10 సార్లు దొర్లించండి, రోజుకు 2 సార్లు. నొప్పిని 10కి ఎంతని లెక్కేస్తే 5 దాటకూడదు. బొటనవేలితో నొక్కితే, నొక్కే చెయ్యి కూడా పట్టేస్తుంది. ఎముకను నొక్కితే బాధ పెరుగుతుంది.

అసలు బలం ఇచ్చేది తర్వాతి పని. ముంజేతిని తొడమీద ఆనించి, అరచేయి కిందికి ఉంచి అర లీటరు నీళ్ల సీసా పట్టుకోండి. రెండో చేత్తో మణికట్టును పైకెత్తి, నొప్పి ఉన్న చేత్తోనే 5 సెకన్లు పట్టేలా దించండి. 10 సార్లు చొప్పున 3 విడతలు. గుణానికి 6 నుంచి 12 వారాలు పడుతుంది. చాలామంది రెండో వారంలోనే మానేస్తారు, అదే చిక్కు. సన్నని పిడికి గుడ్డ చుట్టి లావు చేయండి.

చిటికెన, ఉంగరం వేళ్లు తిమ్మిరెక్కితే నరం సంగతి, డాక్టరుకు చూపించాలి. ఛాతీ బరువు, చెమటలతో చెయ్యి లాగితే వెంటనే ఆసుపత్రికి వెళ్లండి.