తక్కువ బడ్జెట్‌లో నిశ్చితార్థానికి వజ్రపుటుంగరం కొనడం ఎలా?

మన తాతల కాలంలో నిశ్చితార్థమంటే తాంబూలాలు మార్చుకోవడమే. ఉంగరాలు తర్వాత వచ్చాయి, వాటి వెనకాలే వజ్రమూ వచ్చింది. ఇప్పుడు ఫొటోగ్రాఫర్ "ఇంకోసారి తొడగండి సార్" అంటూ మూడుసార్లు తొడిగిస్తున్నాడు. వేలి మీద ఏముందో హాలంతా చూస్తోంది. మా తమ్ముడి నిశ్చితార్థానికి ఉంగరం కోసం హైదరాబాద్‌లో నాలుగు షాపులు ఎక్కి దిగాం. మొదటి షాపులో వాళ్లు చెప్పింది విన్నాం. నాలుగో షాపుకొచ్చేసరికి మేమే అడగడం మొదలుపెట్టాం. డబ్బు తక్కువున్నప్పుడు చేయాల్సినవి రెండే: కంటికి కనబడని గొప్పలకు డబ్బివ్వకపోవడం, బిల్లులో జారిపోయే డబ్బును పట్టుకోవడం. మిగతాదంతా ఈ రెండింటి వివరమే.

ముందు ఇంట్లో తేల్చుకోవాల్సినవి

జీఎస్టీతో సహా జేబులోంచి పోయే మొత్తం ఎంతో కాగితం మీద రాసుకోండి. షాపులో "బడ్జెట్ ఎంతండీ?" అని అడుగుతారు. దానికి పదివేలు తక్కువ చెప్పండి, ఎందుకంటే చూపించే మొదటి ఉంగరం మీరు చెప్పిన అంకెకు కాస్త పైనే ఉంటుంది. రెండు నెలల జీతం పెట్టి ఉంగరం కొనాలనే మాట ఎక్కడైనా వింటే పట్టించుకోకండి. అది వజ్రాల కంపెనీ ప్రకటనల్లో పుట్టింది, ఏ శాస్త్రంలోనూ లేదు.

ఇంకొకటి, ఎవరూ చెప్పనిది. అమ్మాయి వాళ్లింట్లో వజ్రం ఆనవాయితీ ఉందో లేదో ముందే కనుక్కోండి. "వజ్రం అందరికీ అచ్చిరాదు, జాతకం చూపించాకే పెట్టాలి" అనే ఇళ్లు మన దగ్గర ఇంకా ఉన్నాయి. మీరు నమ్మినా నమ్మకపోయినా, యాభై వేలు పెట్టి కొన్న ఉంగరం బీరువాలో పడి ఉండటం ఎవరికీ ఇష్టం ఉండదు.

కొలత సంగతి కూడా ఇక్కడే. దారం చుట్టి కొలిస్తే కొలత తప్పుతుంది. అమ్మాయి ఉంగరం వేలికే పెట్టుకునే మరో ఉంగరాన్ని ఒక్కరోజు అడిగి తెచ్చుకోండి, షాపులో సైజు కడ్డీకి తొడిగి నంబరు చెబుతారు. ఎండాకాలంలో, సాయంత్రంపూట వేళ్లు కొంచెం ఉబ్బుతాయని గుర్తుంచుకోండి. పైన ఒకే రాయి ఉన్న ఉంగరాన్ని ఒకటి రెండు సైజులు మార్చడం తేలికే. చుట్టూ రాళ్లు పొదిగినదాన్ని మార్చడం దాదాపు కుదరదు.

భూమిలోదా, ల్యాబ్‌లోదా?

బడ్జెట్ తక్కువైతే మీ ముందుకొచ్చే మొదటి పెద్ద ప్రశ్న ఇదే. ల్యాబ్‌లో పెంచిన వజ్రం నకిలీ కాదు. అదీ కర్బనమే, గట్టిదనం అదే, మెరుపు అదే. షాపువాడి దగ్గరుండే చిన్న టెస్టరు రెండింటినీ వజ్రమనే చెబుతుంది, తేడా పట్టాలంటే ప్రయోగశాల పరికరాలు కావాలి. 2023లో మన ప్రధాని అమెరికా వెళ్లినప్పుడు జిల్ బైడెన్‌కు ఇచ్చిన 7.5 క్యారెట్ల రాయి కూడా ల్యాబ్ వజ్రమే.

సేల్స్‌వాళ్లు కొందరు "ఇది టైప్ 2ఏ మేడం, గోల్కొండ వజ్రాల జాతి" అంటారు. అబద్ధం కాదు. చాలా గోల్కొండ వజ్రాలను టైప్ 2ఏ అనడానికి కారణం వాటిలో నత్రజని దాదాపు లేకపోవడం. సీవీడీ పద్ధతిలో, అంటే యంత్రంలో వాయువు నుంచి పొరలుపొరలుగా పెంచే రాళ్లు ఎక్కువగా ఆ రకానికే చెందుతాయి. అంతమాత్రాన దానికి అదనంగా డబ్బు అడిగితే ఇవ్వనక్కర్లేదు, ఆ యంత్రంలోంచి వచ్చేవి మామూలుగా అలాగే ఉంటాయి.

తేడా అంతా ధరలో ఉంది. అదే సైజు, అదే నాణ్యత ఉన్న ల్యాబ్ రాయి సహజ వజ్రం ధరలో చిన్న భాగానికే దొరుకుతుంది. కాకపోతే ఆ ధర ఏటేటా పడుతూ వస్తోంది. రేపు తిరిగి అమ్మితే రాయికి వచ్చేది నామమాత్రమే, కొన్ని షాపులైతే అసలు తీసుకోవు. సహజ వజ్రం కూడా బంగారంలాంటి పొదుపు కాదు. కొన్న షాపులో తప్ప బయట అమ్మితే బాగా నష్టపోతారు. నా లెక్క ఇది: ఈ ఉంగరాన్ని ఎప్పటికీ అమ్మరు అనుకుంటే ల్యాబ్ రాయి తీసుకుని మిగిలిన డబ్బు వేరే చోట పెట్టండి. రెండు కుటుంబాల్లో ఎవరికైనా "నిజం రాయేనా?" అన్న పట్టింపు ఉంటే చిన్నదైనా సహజమైనదే కొనండి. ఒకటి చెప్పి ఇంకొకటి తొడగడం మాత్రం వద్దు.

"అమెరికన్ డైమండ్" అని రాసి ఉంటే అది వజ్రం కాదు, జిర్కోనియా. మోయిసనైట్ కూడా వేరే పదార్థమే, పైగా వేడిని బట్టి కొలిచే టెస్టరును అది మోసం చేస్తుంది. తొలకరి పడగానే కర్నూలు జిల్లా తుగ్గలి, జొన్నగిరి చేలల్లో దొరికిందంటూ ఎవరైనా ముడి రాయి చూపిస్తే అటు వెళ్లకండి. దానికి కాగితం ఉండదు, సాన పెడితే సగానికి పైగా బరువు పోవచ్చు.

రాయిని చూసే వరస

షాపులో క్యారెట్, రంగు, స్వచ్ఛత, కట్ అని నాలుగు మాటలు చెబుతారు. డబ్బు తక్కువున్నవాళ్లకు వీటి వరస వేరు.

మొదట కట్, అంటే రాయిని సాన పెట్టిన తీరు. రాయి మెరిసేది దీనివల్లే, ఇక్కడ మాత్రం పీనాసితనం పనికిరాదు. సర్టిఫికెట్‌లో కట్ ఎక్సలెంట్ అనో, కనీసం వెరీ గుడ్ అనో ఉండాలి. సాన సరిగ్గా లేని రాయి బరువంతా అడుగున దాచుకుని, పైకి చిన్నగా, మసగ్గా కనిపిస్తుంది. చూసేటప్పుడు షాపు లైట్లను నమ్మకండి, ఆ దీపాల కింద గాజుపెంకు కూడా తళతళలాడుతుంది. మేం మూడో షాపులో ఉంగరం పట్టుకుని గుమ్మం దగ్గరికి వెళ్లి చూశాం. సేల్స్ అబ్బాయి, వెనకే సెక్యూరిటీ ఆయన కూడా మాతోపాటే వచ్చారు. పర్వాలేదు, వాళ్లకది అలవాటే. అక్కడ ఒక రాయి మధ్యలో నల్లగా, చచ్చినట్టు కనిపించింది. షాపు లోపల అదే అన్నిటికన్నా మెరిసింది.

రెండోది వెడల్పు. ఒక క్యారెట్ అంటే 200 మిల్లీగ్రాములు, అందులో వందో వంతు ఒక సెంటు. మన షాపుల్లో మాటంతా సెంట్లలోనే. క్యారెట్ గుండ్రటి రాయి సుమారు 6.5 మిల్లీమీటర్ల వెడల్పు ఉంటుంది. 50 సెంట్లది 5.1, 30 సెంట్లది 4.3. అంటే 30 సెంట్ల రాయి క్యారెట్ రాయి బరువులో మూడో వంతు కన్నా తక్కువే ఉన్నా, వేలి మీద దాని వెడల్పులో మూడింట రెండొంతులు కనిపిస్తుంది. ధర మాత్రం అలా నడవదు. రాయి పెద్దదయ్యేకొద్దీ క్యారెట్ రేటే పెరుగుతుంది, 30, 50, 70, 100 సెంట్ల దగ్గర మెట్టు ఎక్కినట్టు ఎగురుతుంది. అందుకే 50 అడక్కండి, 46 నుంచి 48 మధ్యలో ఏమున్నాయో అడగండి. కోలగా ఉండే ఓవల్, బొట్టులాంటి పేర్ ఆకారాలు అదే బరువుకు గుండ్రటిదాని కన్నా పెద్దగా కనిపిస్తాయి, సాధారణంగా ధర కూడా తక్కువే.

ఇంకా తగ్గాలంటే మన అమ్మమ్మల చెవులకున్న ఉపాయమే ఉంది. ఏడు రాళ్ల కమ్మల పద్ధతిలో మధ్యన ఒకటి, చుట్టూ ఆరు. ఒక్కోటి 3 సెంట్ల రాయి, వెడల్పు 2 మిల్లీమీటర్లు. ఏడూ దగ్గరగా పొదిగితే 6 మిల్లీమీటర్ల పువ్వు అవుతుంది. మొత్తం బరువు 21 సెంట్లే, దూరం నుంచి చూస్తే క్యారెట్ రాయికి దగ్గరగా ఉంటుంది. చిన్న రాళ్లకు క్యారెట్ రేటు కూడా బాగా తక్కువ. మా తమ్ముడికి ఒంటి రాయే కావాలని పట్టుదల, కాబట్టి మేం ఇది కొనలేదు. నన్నడిగితే ఇదే కొనేదాన్ని.

రంగు డి నుంచి జెడ్ దాకా ఉంటుంది, డి అంటే అసలు రంగు లేనిది. ఇక్కడ బాగా మిగుల్చుకోవచ్చు. పచ్చ బంగారంలో పొదిగితే ఐ, జె రంగు రాయి కూడా తెల్లగానే కనిపిస్తుంది, ఆ కొద్దిపాటి పసుపు బంగారంలో కలిసిపోతుంది. ప్లాటినంలోనో, వైట్ గోల్డ్‌లోనో అయితే జి, హెచ్ కావాలి. వైట్ గోల్డ్‌కు పైన వేసే రోడియం పూత అరిగాక మళ్లీ వేయించాలి, అదో ఖర్చు.

స్వచ్ఛతకు ఎక్కువ డబ్బు పెట్టకండి. లోపలి మచ్చలు పెరిగేకొద్దీ గ్రేడు వీవీఎస్, వీఎస్, ఎస్ఐ అని దిగుతుంది. వీవీఎస్ రాయికి, వీఎస్2 రాయికి తేడా పదిరెట్లు పెద్దది చేసే భూతద్దంలో నిపుణుడికి తెలుస్తుంది. పెళ్లివాళ్లెవరూ భూతద్దం తెచ్చుకోరు. ఎస్ఐ1 అయినా సరే, మామూలు కంటికి మచ్చ కనబడకపోతే చాలు. పెద్దవాళ్లు "కాకిపాదం ఉందేమో చూడండి" అంటారు. పాత రత్నశాస్త్రం చెప్పిన దోషం అది, లోపల కాకి కాలు ఆకారంలో ఉండే పగులు. ఆ మాటలో పనికొచ్చేది ఉంది, అంచు దాకా వచ్చిన పగులైతే దెబ్బ తగిలినప్పుడు రాయి విరగొచ్చు. దాన్ని మాత్రం వదిలేయండి.

బిల్లు దగ్గర

కౌంటర్‌లో కాలిక్యులేటర్ టకటకా కొట్టి ఒక అంకె చూపిస్తారు. అక్కడ ఆగండి. ఎస్టిమేట్ స్లిప్ అడిగి తీసుకుని విడివిడిగా చదవండి. రేట్లు రోజూ మారతాయి కాబట్టి, లెక్క కోసం మేలిమి బంగారం గ్రాము 12,000 రూపాయలనీ, వజ్రం క్యారెట్ 80,000 అనీ అనుకుందాం. ఉంగరం మొత్తం బరువు 3 గ్రాములు, అందులో 25 సెంట్ల రాయి. రాయి బరువు 0.05 గ్రాము తీసేస్తే నికర బంగారం 2.95 గ్రాములు. బంగారంలో క్యారెట్ అంటే బరువు కాదు, స్వచ్ఛత. 18 క్యారెట్లలో మేలిమి 75 శాతం, కాబట్టి గ్రాము 9,000 చొప్పున 26,550. తరుగు, మజూరీ కలిపి 15 శాతం, 3,982. రాయికి 20,000. మొత్తం 50,532 మీద 3 శాతం జీఎస్టీ వేస్తే సుమారు 52,050.

ఇప్పుడు అదే ఉంగరాన్ని 14 క్యారెట్లలో చేయించండి. బంగారం, తరుగు, పన్ను అన్నీ కలిసి దాదాపు 6,900 తగ్గుతుంది. 14 క్యారెట్లంటే చిన్నచూపు చూడకండి, అందులో 58.5 శాతం బంగారం ఉంటుంది, రాయిని గట్టిగా పట్టి ఉంచుతుంది. 22 క్యారెట్లది మెత్తన, రాయికి అంత నప్పదు.

స్లిప్‌లో చూడాల్సింది బంగారాన్ని నికర బరువుకు లెక్కగట్టారా లేదా అన్నది. ఆ తర్వాత "డైమండ్ మీద 25 శాతం తగ్గింపు" బోర్డుల సంగతి. తగ్గింపు ఎంతన్నది కాదు, తగ్గించాక క్యారెట్ ఎంత పడిందో అడగండి. అదే కట్, అదే రంగు, అదే స్వచ్ఛతకు ఇంకో షాపులో ఎంతో చూడండి. రెండో చోట ఏ తగ్గింపూ లేకుండానే తక్కువకు రావడం మేం చూశాం. మజూరీ దగ్గర బేరం ఆడొచ్చు, ఆడాలి కూడా. నెలనెలా కట్టే బంగారం స్కీము ఉంటే అది వజ్రాల నగకు వర్తిస్తుందో లేదో ముందే అడగండి, చాలాసార్లు షరతులు వేరుగా ఉంటాయి. బిల్లు రెండు లక్షలు దాటితే పాన్ అడుగుతారు.

కాగితాలు

బంగారానికి ప్రభుత్వ ప్రమాణాల సంస్థ బీఐఎస్ హాల్‌మార్క్ ఉండాలి. బీఐఎస్ గుర్తు, 750 లేదా 585 అనే స్వచ్ఛత అంకె, అక్షరాలూ అంకెలూ కలిపి ఆరుండే హెచ్‌యూఐడీ (ఆ నగకు మాత్రమే ఇచ్చే నంబరు), ఈ మూడూ ఉంగరం లోపలివైపు ఉంటాయి. 2023 ఏప్రిల్ 1 నుంచి హెచ్‌యూఐడీ లేకుండా అమ్మకూడదు. రెండు గ్రాముల లోపు నగకు ఈ నియమం నుంచి మినహాయింపు ఉంది, మరీ పలచని ఉంగరాలతో అందుకే జాగ్రత్త. బీఐఎస్ కేర్ యాప్‌లో ఆ నంబరు కొట్టి అక్కడే చూసుకోండి. అయితే హాల్‌మార్క్ బంగారం గురించే చెబుతుంది, వజ్రం గురించి ఒక్క ముక్క చెప్పదు.

రాయికి వేరే సర్టిఫికెట్ కావాలి, వజ్రాలను పరీక్షించే ల్యాబ్‌లైన జీఐఏదో ఐజీఐదో. షాపు సొంతంగా అచ్చేసిన కార్డు సర్టిఫికెట్ కాదు. రిపోర్టు నంబరును ఆ ల్యాబ్ వెబ్‌సైట్‌లో కొట్టి చూడండి. రాయి నడుము మీద లేజర్‌తో అదే నంబరు చెక్కి ఉంటే భూతద్దంలో చూపించమనండి. ల్యాబ్‌లో పెంచిన రాయి అయితే ఆ సంగతి రిపోర్టులో స్పష్టంగా ఉంటుంది. చిన్న రాళ్ల గుత్తికి విడివిడిగా కాగితాలు రావు, ఉంగరం మొత్తానికి ఒకటే ఇస్తారు.

తిరిగి తీసుకునే షరతు నోటిమాటగా వద్దు, బిల్లు మీద రాయించండి. మార్పిడికి ఎంత, నగదుకు ఎంత, ఏ రోజు రేటు, రాయికి ఎంత కోత అన్నవి అందులో ఉండాలి.

ఇంటికొచ్చాక

వజ్రానికి జిడ్డంటే ప్రీతి. కొబ్బరినూనె, గంధం, చపాతీ పిండి తగిలితే మెరుపు తగ్గుతుంది. గోరువెచ్చని నీళ్లలో రెండు చుక్కల డిష్‌వాష్ వేసి మెత్తటి బ్రష్‌తో తోమితే చాలు. రాయిని పట్టి ఉంచే బంగారు పళ్లు చీర కొంగుకు తగులుకుంటున్నాయంటే ఒకటి లేచిందన్నమాట, అప్పుడే షాపుకు తీసుకెళ్లండి.

పెళ్లిలో బిందెలో ఉంగరం తీసే ఆటకు మాత్రం దీన్ని వేయకండి. పసుపునీళ్లలో రెండు చేతులూ గిల్లుకుంటూ వెతికే చోట పళ్లు వంగుతాయి. మా ఇంట్లో నాన్నమ్మ వెండి ఉంగరం వేశాం. మూడుసార్లూ మా మరదలే తీసింది.