డీజిల్ బండి మనమే చూస్కుందాం – 4వ భాగం: ఆయిల్ ఎక్కడ్నుంచి కారుతుందో పట్టుకునుడు

పోయినసారి డిప్‌స్టిక్ చూసుడు అయిపోయింది కదా, ఇయ్యాల అసలు పని. బండి కింద నల్ల మరక కనవడంగనే చుక్క ఎక్కడ పడ్డదో లీక్ గూడ అక్కడే అనుకుంటం, నేను గూడ గట్లనే అనుకొని మేడారం పోయొచ్చినంక సంప్ (ఇంజిన్ అడుగున ఆయిల్ నిలిచే గిన్నె) ప్యాకింగ్ మార్పించిన, పైసలు పోయినయ్, వారం తిరగకముందే మళ్ల అదే మరక. తీరా చూస్తే కారేది పైన ట్యాపెట్ కవర్ (ఇంజిన్ నెత్తి మీది మూత) వెనక మూలకెళ్లి, అది ఇంజిన్ వెనక జారి జారి సంప్ అంచుకాడ చుక్క కడుతుంది. ఆయిల్ కిందికి జారుతది, బండి ఉరుకుతుంటే గాలి దాన్ని వెనకకు నూకుతది, అందుకే తడి ఉన్నదాంట్ల అన్నిటికన్నా పైన, ముందు ఉన్న చోటు వెతకాలె.

ముందుగాల అది ఇంజిన్ ఆయిలేనా చూడుండ్రి. డీజిల్ ఇంజిన్ ఆయిల్ కాటుక లెక్క నల్లగుంటది. పల్చగ ఎర్రగుంటే పవర్ స్టీరింగో ఆటోమేటిక్ గేర్‌బాక్సో, గంధకం లెక్క ఘాటు వాసనొస్తే గేర్ ఆయిల్. ఇంజిన్, గేర్‌బాక్స్ కలిసే కాడ నల్లగ కారితే, పైనంత పొడిగుంటే, క్రాంక్ (పిస్టన్లు తిప్పే ఇరుసు) వెనక సీల్ (ఆయిల్ బయటికి రాకుండ ఆపే రింగు) మీద అనుమానం పెట్టుకోవచ్చు, దానికి గేర్‌బాక్స్ దించాలె, ఇంటికాడ అయ్యే పని కాదు.

ఇంజిన్ సల్లారినంక ఆల్టర్నేటర్‌కు పాలిథిన్ కవర్ చుట్టి, డీగ్రీజర్ కొట్టి, బ్రష్‌తోటి రుద్ది కడిగి ఆరనీయండ్రి. మన దిక్కు దుమ్ముకు ఆయిల్ కలిసి గట్టి బురద అయితది, అది పోకుండ ఏం కనవడది. ఆరినంక అనుమానమున్న చోట ముఖానికేసుకునే పౌడర్ చల్లి, హన్మకొండ నుంచి కాజీపేట దాక ఓ రౌండ్ ఏసొచ్చి టార్చ్ కొట్టుండ్రి, పౌడర్ల తడి గీత ఎక్కడ మొదలైతే అదే దొంగ. ట్యాపెట్ కవర్, ఫిల్టర్ హౌసింగ్, టర్బో రిటర్న్ పైపు (టర్బో నుంచి ఆయిల్ వాపస్ సంప్‌లకు వచ్చేది), ముందు క్రాంక్ సీల్, ఆఖరికి సంప్, డ్రైన్ బోల్ట్ – గిట్ల పైనుంచి రావాలె. కిందికి దూరేటప్పుడు ఒట్టి జాకీని నమ్మకుండ్రి, స్టాండ్లు పెట్టాల్సిందే. టర్బో గాలి పైపు లోపల కొంచెం ఆయిల్ తడి కనవడితే బెదరకండ్రి, బ్రీదర్ (ఇంజిన్ లోపలి గ్యాస్ బయటికి పోయే దారి) నుంచి వచ్చే ఆవిరి అది.

బ్రీదర్ అన్న కాబట్టి చెప్తున్న, చాలామంది మర్చిపోయేది ఇదే. అది మూసుకపోతే ఇంజిన్ లోపల గ్యాస్ ప్రెషర్ పెరిగి సీల్‌లను బయటికి నూకుతది, ఎన్ని కొత్త సీల్‌లు ఏసినా మళ్ల కారుతయ్. ఐడిల్‌ల ఆయిల్ మూత వదులు చేసి బోర్లించి పెట్టి చూడుండ్రి (కొన్ని ఇంజిన్లల్ల ఆయిల్ చిమ్ముతది, మొఖం దూరం పెట్టుండ్రి), కొంచెం ఆడితే ఫరవాలేదు, ఎగిరి పడితే బ్రీదరన్న మూసుకపోయింది, లేకుంటే పిస్టన్ రింగులన్న అరిగినయ్.

ట్యాపెట్ ప్యాకింగ్ మార్చేటప్పుడు పాత జిగురంత గీకి, బోల్ట్‌లు మధ్యలకెళ్లి బయటికి కొద్దికొద్దిగ బిగించుండ్రి. చాలా ఇంజిన్లల్ల బిగింపు (టార్క్) 10 న్యూటన్ మీటర్ల దగ్గర్నే ఉంటది, మీ బండి మాన్యువల్‌ల అంకె చూస్కోండ్రి. ఎక్కువ బిగిస్తే కవరే వంగుతది. సిలికాన్ దండిగ పూసుడు మన మెకానిక్‌ల రోగం, ఎక్కువైంది లోపలికి ఊడి పడి సంప్‌ల జాలీకి అడ్డం పడితే ఇంజిన్‌కు ఆయిలే అందది. డ్రైన్ బోల్ట్ వాషర్ మాత్రం ఆయిల్ మార్చిన ప్రతిసారి కొత్తది ఏస్తెనే మంచిది.

వచ్చే భాగంల టర్బో రిటర్న్ పైపు విప్పుదాం. అప్పటిదాక రాత్రి బండి కింద అట్టముక్క పరిచి, బండి మూతి ఎటున్నదో దాని మీద బాణం గీసి, పొద్దుగాల మరక ఫోటో తీసి పెట్టుకోండ్రి.