లేజర్ పడవ పందెం: స్టార్ట్ పట్టడం ఎలా

లేజర్ అంటే ఒక్కరే నడిపే చిన్న తెరచాప పడవ. స్టార్ట్‌కు 5 నిమిషాల ముందు క్లాస్ జెండా (మీ రకం పడవల గుర్తు జెండా) ఎక్కగానే వాచీ నొక్కండి. హారన్ విని కాదు, జెండా చూసి, లెక్క జెండాదే.

ఈలోగా స్టార్ట్ గీత మధ్యలో పడవ ముక్కును సరిగ్గా గాలికి ఎదురుగా తిప్పండి. ముక్కు ఏ కొసవైపు మొగ్గితే ఆ కొస మేలు. అందరూ అక్కడికే ఎగబడతారు కాబట్టి కాస్త ఇవతల నిలబడటమే నయం.

చివరి నిమిషంలో స్టార్‌బోర్డ్ ట్యాక్‌లో, అంటే గాలి కుడివైపు నుంచి తగిలేలా ఉండండి. పోర్ట్ ట్యాక్ (గాలి ఎడమవైపు నుంచి తగిలే) పడవలు మీకు దారివ్వాలి. గాలి వాలు దిక్కున, అంటే గాలి వెళ్లే వైపున, ఖాళీ కాపాడుకోండి. అది లేకపోతే ముక్కును గాలి నుంచి పక్కకు తిప్పి వేగం అందుకునే చోటుండదు; చాలామంది చెడేది ఇక్కడే.

తొందరపడి గీత దాటితే వెనక్కొచ్చి మళ్లీ బయల్దేరాలి. స్టార్ట్‌కు నల్లజెండా ఎగరేసి ఉంటే ఆ అవకాశమూ లేదు, నేరుగా అనర్హతే. 1996 అట్లాంటా ఒలింపిక్స్ ఆఖరి రేసులో బ్రెజిల్‌కు చెందిన రాబర్ట్ షైట్, బ్రిటన్‌కు చెందిన బెన్ ఐన్‌స్లీ ఇద్దరూ అలాగే అనర్హులయ్యారు. పాయింట్లలో ముందున్న షైట్‌కే స్వర్ణం దక్కింది.