మిడ్‌సైజ్ సెడాన్ ఎంచుకోవడం ఎలా? ఇంజిన్, ఇంధనం, కొన్నాక చూసుకోవాల్సినవి

ముందుగా వారం రోజుల లెక్క రాయండి

షోరూమ్‌కి వెళ్లేముందు వారం పాటు మీ ప్రయాణాలన్నీ ఒక కాగితం మీద రాసుకోండి. రోజుకు ఎన్ని కిలోమీటర్లు అన్నది ఒక్కటే చాలదు. ఇంజిన్ స్టార్ట్ చేసినప్పటి నుంచి ఆపేదాకా ఎన్ని నిమిషాలు నడిచింది, అందులో ఎంతసేపు ట్రాఫిక్‌లో ఆగి ఆగి వెళ్లారు, వారంలో ఒకసారైనా అరగంట ఆగకుండా హైవే మీద పోయే వీలుందా అన్నవి కూడా రాయండి. ఏ ఇంజిన్ కొనాలో తేల్చేది ఈ కాగితమే, బ్రోషర్ కాదు.

కారణం ఇంజిన్ లోపల ఉంది. చల్లగా ఉన్న ఇంజిన్‌లో పెట్రోలు పూర్తిగా ఆవిరి కాదు. కొంత సిలిండర్ గోడల మీదుగా జారి ఆయిల్‌లో కలుస్తుంది. ఇంధనం మండినప్పుడు పుట్టే నీటి ఆవిరిలో కొంత లోపలే చెమ్మగా నిలుస్తుంది. ఆయిల్ బాగా వేడెక్కి కాసేపు అలాగే ఉంటే ఈ రెండూ చాలావరకు ఆవిరై పోతాయి. కూలెంట్ (ఇంజిన్‌ని చల్లబరిచే ద్రవం) వేడిని చూపే ముల్లు మధ్యకు వచ్చినంత మాత్రాన ఆయిల్ వేడెక్కినట్టు కాదు, దానికి ఇంకా ఎక్కువ సమయం పడుతుంది. రోజూ మూడు నాలుగు కిలోమీటర్లకే ఆపేసే బండిలో ఆ అవకాశమే రాదు. అలాంటి బండి ఆయిల్ మూత తీసి తిరగేస్తే లేత గోధుమ రంగులో మీగడలాంటి పూత కనిపించవచ్చు. తక్కువ తిరిగిన బండి కదా, సర్వీసింగ్ సంగతి తర్వాత చూద్దాం అనుకోవడం ఇక్కడే దెబ్బతీస్తుంది.

సైజు: టేపుతో కొలవండి

మిడ్‌సైజ్ అనే మాట దేశాన్ని బట్టి మారుతుంది. ఒకచోట 4.5 మీటర్ల బండిని అలా పిలిస్తే ఇంకోచోట 4.9 మీటర్ల బండిని పిలుస్తారు. పేరు వదిలేసి మీ పార్కింగ్ స్థలాన్ని కొలవండి. బ్రోషర్‌లో ఇచ్చే వెడల్పు సాధారణంగా పక్క అద్దాలు లేకుండా తీసిన కొలత. తలుపు తెరిచి మనిషి దిగడానికి ఒకవైపు ఇంకో 60 సెంటీమీటర్లైనా కావాలి.

డిక్కీ విషయంలో లీటర్ల అంకెను నమ్ముకోవద్దు. 500 లీటర్లని రాసినా నోరు ఇరుకైతే పెద్ద సూట్‌కేసు లోపలికి పోదు. కొన్ని బండ్లలో డిక్కీ మూత కీళ్లు కొంకిలా వంగి ఉండి, మూసినప్పుడు సామాను మీదకు దిగుతాయి. మీ ఇంట్లో అన్నిటికంటే పెద్ద పెట్టె తీసుకెళ్లి పెట్టి, మూత మూసి చూడండి. డిక్కీలో పరిచిన మ్యాట్ ఎత్తి స్టెప్నీ ఉందో, పంక్చర్ కిట్ మాత్రమే ఇచ్చారో అప్పుడే చూడాలి. టైరు పక్కగోడ చిరిగితే కిట్ ఎందుకూ పనికిరాదు. హైబ్రిడ్, సీఎన్‌జీ రకాల్లో బ్యాటరీకో సిలిండర్‌కో చోటు పోతుంది కాబట్టి డిక్కీని ఆ రకంలోనే చూడండి, మామూలు పెట్రోల్ బండిలో చూసి సరిపెట్టుకోకండి.

ఇంజిన్, ఇంధనం

టర్బో (గాలిని ఒత్తిడితో ఇంజిన్‌లోకి తోసే పరికరం) లేని పెట్రోల్ ఇంజిన్: మీ కాగితం నిండా చిన్న చిన్న ప్రయాణాలే ఉంటే, బండిని పదేళ్లు ఉంచుకోవాలనుకుంటే ఇదే మంచిది. భాగాలు తక్కువ, వేడి తక్కువ. అందులోనూ పెట్రోలును వాల్వ్‌ల ముందే చిమ్మే పోర్ట్ ఇంజెక్షన్ ఉంటే, ఆ పెట్రోలే ఇన్‌టేక్ వాల్వ్‌లను కడుగుతూ ఉంటుంది. పికప్ కావాలంటే మాత్రం 4,000 ఆర్‌పీఎం (ఇంజిన్ నిమిషానికి తిరిగే చుట్లు) దాకా తిప్పాలి. నిండు బండితో ఘాట్ ఎక్కేటప్పుడు అది తెలుస్తుంది.

టర్బో పెట్రోల్: దాదాపు 1,500 నుంచి 1,800 ఆర్‌పీఎం దగ్గరే పూర్తి టార్క్ (తిప్పే బలం) వస్తుంది కాబట్టి నడపడం సుఖం. అయితే వీటిలో చాలావరకు పెట్రోలును నేరుగా సిలిండర్‌లోకి చిమ్ముతాయి. వాల్వ్‌లను కడిగేది ఏదీ లేక వాటి వెనుక మసి గడ్డకడుతుంది. కొందరు తయారీదారులు రెండు రకాల ఇంజెక్టర్లూ పెట్టి దీన్ని తప్పించారు. కొనేముందు అడిగి తెలుసుకోండి. రెండో సమస్య, తక్కువ ఆర్‌పీఎంలో పెద్ద గేరు వేసి యాక్సిలరేటర్ పూర్తిగా తొక్కితే స్పార్క్ పడకముందే మిశ్రమం అంటుకోవడం. ఇది పిస్టన్‌నే పగలగొట్టగలదు. అందుకే గేరు తగ్గించి తొక్కండి. ఆయిల్ కూడా మాన్యువల్‌లో చెప్పినదే పోయించండి. 2020లో వచ్చిన ఏపీఐ ఎస్‌పీ అనే ఇంజిన్ ఆయిల్ ప్రమాణంలో ఈ ముందస్తు మంటను ఆయిల్ అడ్డుకుంటుందో లేదో చూసే పరీక్ష ఉంది. హైవే మీద గట్టిగా నడిపి ఆపేటప్పుడు చివరి ఒకటి రెండు నిమిషాలు మెల్లగా నడిపితే టర్బో చల్లబడుతుంది.

డీజిల్: ఏడాదికి పాతిక వేల కిలోమీటర్లు, అందులో ఎక్కువ భాగం హైవే అయితే దీనికి సాటి తక్కువ. అలా కాకపోతే వద్దనే నా గట్టి సలహా. ఇప్పటి డీజిల్ బండ్ల సైలెన్సర్ దారిలో మసిని పట్టే ఫిల్టర్ ఉంటుంది. పట్టిన మసి కాలిపోవాలంటే ఆ ఫిల్టర్ దాదాపు 600 డిగ్రీల వేడెక్కాలి. దానికి 15, 20 నిమిషాలు ఆగకుండా నడవాలి. ఆ వేడి కోసం ఇంజిన్ అదనంగా డీజిల్ చిమ్ముతుంది. మధ్యలో ఇంజిన్ ఆపేస్తే మసి అలాగే ఉంటుంది, ఆ డీజిల్‌లో కొంత ఆయిల్‌లోకి దిగుతుంది. ఇలా పదే పదే జరిగితే డిప్‌స్టిక్ (ఆయిల్ మట్టం చూసే కడ్డీ) మీద ఆయిల్ తగ్గాల్సింది పోయి పెరిగి కనిపిస్తుంది. పెరిగిందని సంతోషించకండి. అది పలుచబడిన ఆయిల్, వెంటనే మార్పించాలి. బండి ఆపాక కూడా రేడియేటర్ ఫ్యాన్ గట్టిగా తిరుగుతోందంటే, ఆపే ముందు ఐడ్లింగ్ మామూలు కంటే ఎక్కువగా ఉందంటే ఫిల్టర్ శుభ్రమవుతూ ఉండొచ్చు. వీలుంటే ఇంకో పది నిమిషాలు నడిపి ఆపండి. ఈ ఫిల్టర్ ఉన్న బండికి బూడిద తక్కువగా మిగిల్చే ఆయిలే వాడాలి. పొగలోని హానికర వాయువులను తగ్గించే యూరియా ద్రావణం పోయాల్సిన రకమైతే దాని మూత, డీజిల్ మూత పక్కపక్కనే ఉండొచ్చు, ఒకదానిలో ఒకటి పోయకుండా చూసుకోండి.

హైబ్రిడ్: ఇంజిన్‌తో పాటు కరెంటు మోటారు, బ్యాటరీ కూడా ఉండే బండి. ఊళ్లో ఆగి ఆగి నడిచే వాళ్లకు ఇది వరం. బ్రేకు వేసినప్పుడు వృథాగా పోయే శక్తి బ్యాటరీలోకి వెళ్తుంది. హైవే మీద బ్రేకు వాడకమే తక్కువ, కాబట్టి లాభమూ తగ్గుతుంది. మైల్డ్ హైబ్రిడ్ అని రాసి ఉంటే అది వేరు. మోటారు ఇంజిన్‌కి చేయూత మాత్రమే ఇస్తుంది, మైలేజీలో కొద్ది తేడానే ఉంటుంది. చాలా హైబ్రిడ్లలో బ్యాటరీకి గాలి వెళ్లే జాలీ వెనక సీటు పక్కన ఉంటుంది. దాని మీద సంచులు, దుప్పట్లు పెట్టి మూసేయకండి, జాలీ ఫిల్టర్‌లో దుమ్ము పేరుకోనివ్వకండి. ప్లగ్ పెట్టి చార్జ్ చేసే హైబ్రిడ్ మాత్రం రోజూ చార్జ్ చేసే చోటు ఉన్నవాళ్లకే. చార్జ్ చేయకపోతే బ్యాటరీ బరువు మోయడమే మిగులుతుంది.

ఎలక్ట్రిక్: చిన్న ప్రయాణాల బాధ దీనికి లేదు, మసి లేదు, ఇంజిన్ ఆయిల్ లేదు. బండి రాత్రిపూట ఆగే చోట చార్జర్ పెట్టుకునే వీలుంటే ధైర్యంగా చూడండి. గాలి అడ్డుకునే బలం వేగం వర్గంతో పాటు పెరుగుతుంది కాబట్టి 120 వేగంలో వచ్చే రేంజ్ 80లో వచ్చేదానికంటే బాగా తక్కువ.

పెట్రోలు రకం గురించి ఒక్క మాట. ట్యాంకు మూత వెనుక రాసి ఉన్న ఆక్టేన్ అంకె (పెట్రోలు తనంతట తాను అంటుకోకుండా ఎంత తట్టుకుంటుందో చెప్పేది) చూడండి. 91 చాలన్న ఇంజిన్‌లో 95 పోస్తే సాధారణంగా లాభమేమీ ఉండదు. 95 తప్పనిసరి అన్న ఇంజిన్‌లో 91 పోస్తే నాక్ సెన్సర్ (ఇంజిన్‌లో మిశ్రమం అదుపు తప్పి అంటుకోవడాన్ని పసిగట్టేది) స్పార్క్‌ని వెనక్కి జరిపి ఇంజిన్‌ని కాపాడే ప్రయత్నం చేస్తుంది, పికప్పూ మైలేజీ తగ్గుతాయి. ఇథనాల్‌లో శక్తి పెట్రోలు కంటే దాదాపు మూడో వంతు తక్కువ. 10 శాతం కలిపితే మైలేజీ మూడు శాతం దాకా పడిపోవడం సహజం, బండిలో లోపం కాదు.

ఖర్చు ఇలా లెక్కేయండి

ఏడాదికి 12,000 కిలోమీటర్లు అనుకుందాం. లీటరుకు 15 ఇచ్చే బండికి 800 లీటర్లు, 22 ఇచ్చే హైబ్రిడ్‌కి 545 లీటర్లు కావాలి. మిగిలేది 255 లీటర్లు. దాన్ని లీటరు ధరతో గుణించండి. రెండు బండ్ల ధరల్లో తేడాని ఆ మొత్తంతో భాగిస్తే ఎన్నేళ్లకి గిట్టుబాటవుతుందో వస్తుంది. మైలేజీ అంకెలు కళ్లకు గంతలు కడతాయి కాబట్టి ఎప్పుడూ లీటర్లలోకి మార్చి చూడండి. 10 నుంచి 12కి పెరిగితే ఏడాదికి 200 లీటర్లు మిగులుతాయి. 20 నుంచి 22కి పెరిగితే మిగిలేది 55 మాత్రమే.

గేర్‌బాక్స్

ట్రాఫిక్‌లో అంగుళం అంగుళం కదిలేవాళ్లు డ్రై క్లచ్ (ఆయిల్‌లో మునగని క్లచ్) ఉన్న డ్యూయల్ క్లచ్ ఆటోమేటిక్ గేర్‌బాక్స్ జోలికి పోకపోవడం మేలు. నెమ్మదిగా పాకేటప్పుడు క్లచ్ సగం పట్టి సగం జారుతూ వేడెక్కుతుంది. టార్క్ కన్వర్టర్ (ద్రవంతో శక్తిని అందించేది), సీవీటీ (విడి గేర్లు లేకుండా నిష్పత్తి మార్చేది) అనే ఆటోమేటిక్ రకాలు ఈ పనికి మెరుగు. ఆయిల్ జీవితాంతం వస్తుందన్న మాట పట్టించుకోకుండా మాన్యువల్‌లో కష్టమైన వాడకానికి ఇచ్చిన గడువు చూడండి. ఏ గడువూ ఇవ్వకపోతే 60,000 నుంచి 80,000 కిలోమీటర్ల మధ్య మార్పించండి, ఆ గేర్‌బాక్స్‌కి చెప్పిన ఆయిలే పోయించండి.

సెకండ్ హ్యాండ్ అయితే

ఇంజిన్ చల్లగా ఉండగా రావాలని ముందే చెప్పండి. వెళ్లగానే బానెట్ మీద చేయి పెట్టి చూడండి. వేడిగా ఉంటే లోపం దాచడానికి ముందే స్టార్ట్ చేసి ఉండొచ్చు, ఇంకో రోజు వెళ్లండి. స్టార్ట్ చేయగానే నీలం పొగ వస్తే ఆయిల్ మండుతోంది. తీపి వాసనతో తెల్ల పొగ ఆగకుండా వస్తుంటే కూలెంట్ సిలిండర్‌లోకి వెళ్తోంది. ఓబీడీ స్కానర్ (బండి కంప్యూటర్‌లో నమోదైన లోపాల కోడ్‌లు చదివే పరికరం) పెట్టి కోడ్‌లు లేవని సరిపెట్టుకోకండి, రెడీనెస్ మానిటర్లు (బండి తనను తాను పరీక్షించుకోవడం పూర్తయిందో లేదో చూపేవి) కూడా చూడండి. అవి చాలావరకు పూర్తి కాలేదని చూపిస్తే కోడ్‌లను ఈమధ్యే చెరిపేసి ఉండొచ్చు, లేదా బ్యాటరీ తీసి పెట్టి ఉండొచ్చు. సీటు బెల్టును చివరిదాకా లాగి చూడండి. ఎప్పుడూ బయటికి రాని ఆ భాగంలో మట్టి గీత ఉంటే బండి నీట మునిగిందేమోనని గట్టిగా అనుమానించాలి.

కొన్నాక

మొదటి 1,500 కిలోమీటర్లు ఒకే వేగంలో గంటల తరబడి నడపకండి, పూర్తిగా తొక్కకండి. ఆయిల్‌ని కిలోమీటర్లతో పాటు నెలల లెక్కన కూడా మార్చాలి. చిన్న ప్రయాణాలే ఎక్కువైతే మాన్యువల్‌లో కష్టమైన వాడకం కింద ఇచ్చిన గడువే మీది. బ్రేక్ ఫ్లూయిడ్ గాలిలోని తేమను పీల్చుకుంటుంది, రెండేళ్లకోసారి మార్పించండి. టైమింగ్ బెల్ట్ ఉన్న ఇంజిన్‌లో చాలావరకు బెల్ట్ తెగితే పిస్టన్లు వాల్వ్‌లకు కొట్టుకుంటాయి కాబట్టి గడువు దాటనివ్వకండి. టైరు గాలిని పొద్దున్నే, చల్లగా ఉన్నప్పుడు, డ్రైవర్ తలుపు దగ్గరి స్టిక్కర్ మీద ఉన్న అంకె ప్రకారం పట్టించండి. టైరు మీద ఉన్న అంకె గరిష్ఠ పరిమితి, మీరు పట్టించాల్సింది కాదు.

చెక్ ఇంజిన్ లైటు నిలకడగా వెలిగితే నెమ్మదిగా నడిపి త్వరలో చూపించండి. మిణుకుతూ ఉంటే మిస్‌ఫైర్ అవుతోంది, అంటే సిలిండర్‌లో పెట్రోలు సరిగా మండడం లేదు. మండని పెట్రోలు పొగను శుద్ధి చేసే క్యాటలిటిక్ కన్వర్టర్‌లోకి వెళ్లి దాన్ని కాల్చేస్తుంది, బండి పక్కకు ఆపేయండి. డీజిల్ బండిలో పొరపాటున పెట్రోలు పోస్తే స్టార్ట్ చేయకండి, ఇగ్నిషన్ కూడా ఆన్ చేయకండి. ఆన్ చేయగానే ట్యాంకులోని పంపు దాన్ని ముందుకు తోసే బండ్లున్నాయి. నెట్టుకుంటూ పక్కకు తీసుకెళ్లి ట్యాంకు ఖాళీ చేయించండి.

ప్రతిసారీ పంపు మొదటి క్లిక్ దగ్గర ఆపించి, పట్టిన లీటర్లూ తిరిగిన కిలోమీటర్లూ రాసిపెట్టుకోండి. వరుసగా మూడు నాలుగు ట్యాంకుల్లో మైలేజీ పదో వంతు పడిపోతే ముందు టైరు గాలి చూడండి. తర్వాత కాసేపు నడిపి ఆపి, చక్రాల దగ్గరికి చేయి పోనిచ్చి ముట్టుకోకుండానే వేడి చూడండి. ఒక్కటే బాగా వేడిగా ఉంటే అక్కడ బ్రేకు పట్టేసి ఉంది. రెండూ బాగుంటే కూలెంట్ ముల్లు గమనించండి. పావుగంట నడిపినా మధ్యకు రాకపోతే థర్మోస్టాట్ (కూలెంట్ ప్రవాహాన్ని అదుపు చేసే వాల్వ్) తెరుచుకుని ఇరుక్కుపోయినట్టు అనుమానించాలి. ఇంజిన్ వేడెక్కకుండా ఎక్కువ పెట్రోలు తాగుతోంది, ఎంత దూరం నడిపినా లోపల అది చిన్న ప్రయాణమే. చిన్న భాగమే కదా అని వాయిదా వేయకుండా మార్పించండి, అదే రోజు కూలెంట్ కూడా కొత్తది పోయించండి.