విశ్వవిద్యాలయంలో మీ చేతికి వచ్చే 360 రోజులు: తిరుపతిలో పీజీ చదవబోయేవారికి

తిరుపతిలో పీజీ సీటు వచ్చి, పెట్టె సర్దుకుని హాస్టల్‌కు చేరిన విద్యార్థికి మొదటి వారంలో రెండేళ్ళంటే తరగని కాలంలా కనిపిస్తుంది. విశ్వవిద్యాలయాల నిధుల సంఘం (యూజీసీ) నిబంధన ప్రకారం ఏడాదికి కనీసం 180 పని దినాలు ఉండాలి. అంటే సెమిస్టరుకు దాదాపు 90, నాలుగు సెమిస్టర్లకు కలిపి 360. పాఠాలు, ఇంటర్నల్ పరీక్షలు, సెమినార్లు, రికార్డులు, ప్రాజెక్టు అన్నీ ఆ 360 రోజుల్లోనే ఇమడాలి. ఈ లెక్కను చేరిన రోజే కాగితం మీద వేసుకుని, గది గోడకు అంటించుకోవడం మంచిది.

నేను పలమనేరు వైపు ఒక పల్లె నుంచి వచ్చి ఇక్కడే ఎం.ఏ. చదివాను. మొదటి ఏడాది మధ్యాహ్నం తరగతులు చాలావరకు మానేసి, ఊళ్ళో ఒక కోచింగ్ సెంటరుకు వెళ్ళాను. అక్కడ చెప్పిన పాఠం ఆ తర్వాత ఏ పుస్తకాల అంగడిలోనైనా గైడు రూపంలో దొరికింది. నేను వదులుకున్న తరగతులు మాత్రం మళ్ళీ దొరకలేదు. అందుకే ఇప్పుడు నా దగ్గరికి వచ్చే పిల్లలకు మొదట ఒకే మాట చెబుతాను: విశ్వవిద్యాలయం విడిచాక ఎక్కడా దొరకనివి ఏవో ముందుగా గుర్తించండి, మీ రోజులో మంచి గంటలను వాటికి ఇవ్వండి, బయట ఎప్పుడైనా దొరికేవాటికి మిగిలిన గంటలు ఇవ్వండి. నా అనుభవంలో అలా దొరకనివి మూడు: అధ్యాపకుల సమయం, గ్రంథాలయం, ఒకరి పర్యవేక్షణలో నెలల తరబడి చేసే ఒక పెద్ద పని.

మొదటి నెలలో

సిలబస్ ప్రతి, పరీక్షల నిబంధనలు, గత నాలుగైదేళ్ళ ప్రశ్నపత్రాలు ముందుగా సంపాదించుకోండి. హాజరు 75 శాతానికి తగ్గితే పరీక్షకు కూర్చోవడమే కష్టమవుతుంది కాబట్టి, ఊరికి ఎన్నిసార్లు వెళ్ళగలరో ముందే లెక్క చూసుకోండి. మీ క్రెడిట్లు నమోదయ్యే అకడమిక్ బ్యాంక్ ఆఫ్ క్రెడిట్స్ ఖాతాలోని పేరు, పదో తరగతి సర్టిఫికెట్‌లో ఉన్న పేరు ఒకేలా ఉన్నాయో లేదో ఇప్పుడే సరిచూసుకోవాలి. ఒక్క అక్షరం తేడాతో చివరి సెమిస్టరులో కార్యాలయాల చుట్టూ తిరిగిన విద్యార్థులను నేను చూశాను. ‘స్వయం’ అనే ప్రభుత్వ ఆన్‌లైన్ వేదికలోని కోర్సుల ద్వారా ఒక సెమిస్టరు క్రెడిట్లలో 40 శాతం వరకు పొందే వీలును యూజీసీ 2021లో కల్పించింది. మీ విభాగంలో లేని పేపర్ ఏదైనా చదవాలనుకుంటే ఆ మార్గం గురించి విభాగాధిపతిని అడగండి.

అధ్యాపకుడి గది తలుపు దగ్గర

మన వైపు పిల్లల్లో, ముఖ్యంగా తమ ఇంటి నుంచి మొదటిసారి పీజీకి వచ్చినవారిలో, సార్ గదికి వెళ్ళాలంటే ఒక బెరుకు ఉంటుంది. పిలవకుండా వెళితే ఏమనుకుంటారో, అడిగిన ప్రశ్న మరీ చిన్నదైతే నవ్వుతారేమో అన్న సంకోచంతో రెండేళ్ళూ తలుపు బయటే గడిపేసినవారు ఎంతోమంది. దీనికి నాకు తెలిసిన మందు ఒక్కటే, ప్రశ్నను కాగితం మీద రాసుకుని వెళ్ళడం. ‘ఈ యూనిట్ అర్థం కాలేదు సార్’ అని చెబితే, ఎంత మంచి గురువుకైనా ఎక్కడ మొదలుపెట్టాలో తెలియదు. పుస్తకం పేరు, పేజీ, మీకు అర్థమైనంతవరకు రెండు వాక్యాలు, ఆగిపోయిన చోటు రాసుకుని వెళితే, పది నిమిషాల్లో ముడి విడిపోతుంది. పైగా ఆ కాగితం రాసే క్రమంలోనే సగం సందేహాలు తీరిపోతాయి.

వారానికి ఒకసారి, ఒకే అధ్యాపకుడి దగ్గరికి, తరగతి ముగిసిన వెంటనే కాకుండా వారికి వీలైన సమయం అడిగి వెళ్ళండి. వారు చెప్పిన పుస్తకాన్ని వచ్చే వారంలోగా తెరిచి చూసి, ‘చూశాను సార్, ఇక్కడివరకు చదివాను’ అని తిరిగి చెప్పడం ముఖ్యం. చెప్పిన మాటను పట్టించుకున్న విద్యార్థిని ఏ గురువూ మరిచిపోరు. రేపు పీహెచ్‌డీకో ఉద్యోగానికో సిఫారసు లేఖ అవసరమైనప్పుడు, మీ గురించి నాలుగు నిజమైన వాక్యాలు రాయగలిగేది ఆ ఒక్కరే. ఎవరైనా విసుక్కుంటే మరొకరి దగ్గరికి వెళ్ళండి. విభాగంలోని రీసెర్చ్ స్కాలర్లను కూడా అన్నా, అక్కా అని పలకరించి అడగండి. వారు నిన్నమొన్నటి వరకు మీ బెంచీల మీదే కూర్చున్నవారు కాబట్టి, మీ ఇబ్బంది వారికి త్వరగా అర్థమవుతుంది.

గ్రంథాలయాన్ని చదువుకునే గదిగా మాత్రమే చూడకండి

ఉదయాన్నే బ్యాగుతో వచ్చి, గాలి బాగా వచ్చే కుర్చీ పట్టుకుని, సొంత గైడు తెరిచి సాయంత్రం దాకా బట్టీ పట్టే విద్యార్థులను ప్రతి విశ్వవిద్యాలయ గ్రంథాలయంలోనూ చూస్తాం. వారి శ్రమను నేను తక్కువ చేయను. కాని ఆ పని ఏ చెట్టు కిందైనా చేయవచ్చు. గ్రంథాలయానికే ప్రత్యేకమైనవి బీరువాల్లోని పుస్తకాలు, పాత పత్రికల సంపుటాలు, పీహెచ్‌డీ సిద్ధాంత గ్రంథాలు. వారంలో ఒక మధ్యాహ్నం కేటాయించి, మీ సబ్జెక్టుకు చెందిన వరుసలో ఒక్కో పుస్తకాన్ని తీసి, విషయసూచికను, ముందుమాటను చదివి, తిరిగి పెట్టేయండి. ఒక సెమిస్టరు ఇలా చేస్తే, మీ శాస్త్రంలో ఎవరు ఎవరితో వాదిస్తున్నారో, ఏ ప్రశ్న ఇంకా తెగలేదో స్థూలంగా తెలిసిపోతుంది. పాఠ్యపుస్తకంలో అది కనిపించదు. ఇక్కడ దొరకని సిద్ధాంత గ్రంథాల కోసం ‘శోధ్‌గంగ’ అనే ఆన్‌లైన్ భాండారాన్ని, పాఠ్యగ్రంథాల కోసం జాతీయ డిజిటల్ గ్రంథాలయాన్ని ఉచితంగా వాడుకోవచ్చు.

తెలుగు, సంస్కృతం, చరిత్ర చదివేవారు ప్రాచ్య పరిశోధన సంస్థను చూడకుండా తిరుపతి విడవకూడదు. తిరుమల తిరుపతి దేవస్థానం 1939లో నెలకొల్పిన ఆ సంస్థ తరువాతి కాలంలో శ్రీవేంకటేశ్వర విశ్వవిద్యాలయం (ఎస్వీయూ)లో భాగమైంది. తిరుమల ఆలయంలోని సంకీర్తన భాండారంలో రాగిరేకుల మీద ఉండిపోయిన అన్నమయ్య పదాలను చదివి, పరిష్కరించి లోకానికి అందించిన పనిలో వేటూరి ప్రభాకరశాస్త్రి, రాళ్ళపల్లి అనంతకృష్ణశర్మ వంటి పండితులు ఏళ్ళ తరబడి కూర్చున్నారు. ఈ రోజు మనం ఇళ్ళలో వినే పాటల వెనుక అంతటి ఓపిక ఉంది. తాళపత్ర ప్రతి ఎలా ఉంటుందో, దాన్ని ఎలా పట్టుకోవాలో తెలిసినవారిని అడిగి ఒక్కసారైనా చూడండి.

ఊరంతా ఒక ప్రాంగణమే

ఇన్ని విద్యాసంస్థలు ఇంత దగ్గరగా ఉన్న ఊళ్ళు మన రాష్ట్రంలో తక్కువ. 1954లో వచ్చిన ఎస్వీయూ, 1983లో వచ్చిన పద్మావతి మహిళా విశ్వవిద్యాలయం, 2020లో కేంద్రీయ విశ్వవిద్యాలయమైన సంస్కృత విద్యాపీఠం, పశువైద్య విశ్వవిద్యాలయం ఊళ్ళోనే ఉన్నాయి. 2015లో మొదలైన ఐఐటీ, ఐసర్ (విజ్ఞానశాస్త్ర విద్య, పరిశోధన సంస్థ) ఏర్పేడు వైపు ఉన్నాయి. ఒకచోట చదువుతున్నవారు మరొకచోట జరిగే ఉపన్యాసానికి వెళ్ళడం అరుదు. అది మన అలవాటు లోపమే. నోటీసు బోర్డు చూసి, నిర్వాహకులను ముందుగా అడిగి, నెలకు ఒకదానికైనా వెళ్ళండి.

భౌతికశాస్త్రం చదివేవారికి చిత్తూరు దారిలోని గాదంకిలో జాతీయ వాతావరణ పరిశోధన ప్రయోగశాల ఉంది. 53 మెగాహెర్ట్జ్ వద్ద పనిచేసే అక్కడి ఎంఎస్‌టీ రాడార్ వాతావరణపు పై పొరల్లోని గాలులను గమనిస్తుంది. భూగర్భశాస్త్రం వారికి తిరుమల ఘాట్ రోడ్డు పక్కనే ఎపార్కియన్ అసంగతి, అంటే శిలల పొరల మధ్య కాలం తెగిపోయిన చోటు, ఉంది. పాత గ్రానైటు మీద ఎంతో కాలం తర్వాత ఏర్పడిన అవక్షేప శిలలు ఎలా కూర్చున్నాయో అక్కడ కంటితో చూడవచ్చు. చరిత్ర వారికి చంద్రగిరి రాజమహల్, కళలు చదివేవారికి శ్రీకాళహస్తి కలంకారీ ఉన్నాయి. ఇలాంటి చోట్లకు ఒంటరిగా కాకుండా, విభాగం తరఫున ఉత్తరం రాయించుకుని వెళితే లోపలివారు ఓపికగా చూపిస్తారు.

పోటీ పరీక్షల సంగతి

ఇంట్లో అప్పు చేసి చదివిస్తున్నప్పుడు, ఉద్యోగం గురించి ఆలోచించవద్దని ఎవరు చెప్పగలరు? నేనూ చెప్పను. కాని సబ్జెక్టుతో కలిసి నడిచే పరీక్షను ముందు ఎంచుకోండి. అధ్యాపక ఉద్యోగానికి, పరిశోధన ఫెలోషిప్‌కు అర్హత పరీక్ష అయిన యూజీసీ నెట్ సాధారణంగా జూన్, డిసెంబరు నెలల్లో రెండుసార్లు జరుగుతుంది. పీజీ చివరి ఏడాదిలో ఉన్నవారూ రాయవచ్చు. తరగతి పాఠాన్ని లోతుగా చదివినవారికి ఆ పరీక్షలోని రెండో పేపర్, అంటే సబ్జెక్టు పేపర్, వేరే భారం కాదు. అందులో జేఆర్‌ఎఫ్ (జూనియర్ రీసెర్చ్ ఫెలోషిప్) వస్తే 2023 నుంచి మొదటి రెండేళ్ళు నెలకు 37,000 రూపాయలు అందుతున్నాయి. గ్రూప్స్ వంటి పరీక్షలకు రోజుకు గంటన్నర చాలు, అదీ సాయంత్రం తర్వాత. ఉదయపు గంటలు విభాగానివి.

చిత్తూరు, పాకాల, పుత్తూరు నుంచి రోజూ వచ్చిపోయేవారికి దారిలోనే మూడు, నాలుగు గంటలు పోతాయి. నిలబడిన బస్సులో బరువైన పుస్తకం చదవాలని ప్రయత్నించి అలసిపోకండి. ఆ రోజు పాఠాన్ని మనసులో మొదటి నుంచి చివరి దాకా చెప్పుకుని, తట్టని చోటును గుర్తుపెట్టుకుంటే అదే గొప్ప సాధన. నిద్ర, భోజనం గురించి మీ అమ్మ చెప్పిందే వినండి. తిరుపతి వేసవిలో మధ్యాహ్నం ఎలాగూ బుర్ర పనిచేయదు కాబట్టి తెల్లవారుజామున లేవండి.

ఒక పెద్ద పని

ప్రాజెక్టు అంశాన్ని నాలుగో సెమిస్టరులో వెతుక్కోవడం అందరూ చేసే పొరపాటు. రెండో సెమిస్టరు ముగిసేలోపు అంశం తేల్చుకుని, వేసవి సెలవుల్లో సమాచారం సేకరించండి. అంశం మీ ఊరిలోనే ఉండవచ్చు. మీ మండలంలో మామిడి తోటల వారు పంటను ఎవరికి, ఎలా అమ్ముతారన్నది ఆర్థికశాస్త్రానికి, పలమనేరు దగ్గర తమిళ, కన్నడ పదాలు కలిసిన మాట తీరు భాషాశాస్త్రానికి మంచి విషయాలే. మీకు తెలిసిన మనుషులు, మీకు తెలిసిన దారులు ఉన్నచోట పని త్వరగా కదులుతుంది. పరాయి ప్రాజెక్టు పుస్తకంలోని అధ్యాయాలను పేర్లు మార్చి అతికించడం మాత్రం చేయవద్దు. వైవాలో, అంటే మౌఖిక పరీక్షలో, ఒక్క ప్రశ్నకే అది బయటపడుతుంది.

ప్రతి పదిహేను రోజులకు రెండు పేజీలైనా రాసి మీ ప్రాజెక్టును పర్యవేక్షించే అధ్యాపకుడికి చూపించండి. ఎర్ర సిరా దిద్దుబాట్లు ఉన్న ఆ చిత్తు ప్రతులను దాచుకోండి. నా ప్రాజెక్టు తాలూకు పేజీలు ఇప్పటికీ నా దగ్గర ఉన్నాయి. వాక్యం రాయడం నేను నేర్చుకున్నది వాటి అంచుల్లోని వ్యాఖ్యల నుంచే. పని పూర్తయ్యాక బైండింగుకు ఇచ్చేటప్పుడు ఒక ప్రతి అదనంగా చేయించి, విభాగపు గ్రంథాలయంలో ఉంచమని అడగండి. వచ్చే ఏడాది మీ ఊరి నుంచి వచ్చే జూనియర్, తన అంశం వెతుక్కుంటూ మొదట తెరిచేది దాన్నే కావచ్చు.