గట్టు రోడ్ల మీద అరిగిన పాత కారుకి తక్కువ ఖర్చులో సస్పెన్షన్ పని

నాది 2009 డీజిల్ స్విఫ్ట్. రెండు లక్షల కిలోమీటర్లు ఎప్పుడో దాటేసింది. రొయ్యల మేత వ్యాపారం కాబట్టి దాని బతుకంతా భీమవరం చుట్టుపక్కల ఆకివీడు, ఉండి, కాళ్ళ అనే ఊళ్ళ వైపు చెరువు గట్ల మీదే గడిచింది. ఇలాంటి బండిని "కింద దడదడలాడుతోంది" అని గ్యారేజీకి తీసుకెళ్తే మొదట వినిపించే మాట "నాలుగు షాకులూ పోయాయండి". వెంటనే తలూపేయకండి. మన వైపు షాకుల (ఊగుడుని అణిచే షాక్ అబ్జార్బర్లు) కంటే ముందు పోయేవి రబ్బరు బుష్షులూ (కీళ్ళ దగ్గరి రబ్బరు తొడుగులు), బాల్ జాయింట్లూ (గుండ్రంగా తిరిగే కీళ్ళు).

మన నల్లమట్టి వానకి ఉబ్బుతుంది, ఎండకి బీటలు తీస్తుంది. దానిమీద వేసిన తారు నిలవదు, అలలు తిరిగిపోతుంది. ఆపైన మేత లారీలు, ట్రాక్టర్లు. పెద్ద గుంటని మనం చూసి ఆగుతాం. ఇరవై, ముప్పై స్పీడులో ఆగకుండా తగిలే చిన్న కుదుపుల్ని లెక్కచెయ్యం. లింక్ రాడ్లనీ (బండి ఒరగకుండా చూసే స్టెబిలైజర్ బార్‌ని చక్రం వైపు కలిపే చిన్న కడ్డీలు), లోయర్ ఆర్మ్ (చక్రాన్ని కింద నుంచి బండికి కలిపే చెయ్యి) బుష్షుల్నీ తినేసేవి అవే.

డబ్బు తియ్యకముందు చప్పుడు వినండి. చిన్న గతుకుల మీద నెమ్మదిగా పోతుంటే ముందువైపు టకటకమంటే ముందు లింక్ రాడ్లని అనుమానించండి. బ్రేకు వేసినప్పుడో, రివర్సు నుంచి ముందుకి కదిలినప్పుడో 'డుక్' మని ఒక్క దెబ్బ వినిపిస్తే లోయర్ ఆర్మ్ వెనక బుష్షు చూడండి. బండి నిలబెట్టి స్టీరింగ్ తిప్పుతుంటే స్ప్రింగు ఎగిరిపడ్డట్టు 'టంగ్' మంటే పైనున్న స్ట్రట్ (ముందు షాకు, స్ప్రింగు కలిసిన భాగం) మౌంటింగూ, దాని బేరింగూ. స్పీడు బ్రేకరు దిగాక బండి రెండు మూడుసార్లు ఊగుతుంటే, షాకు ఒళ్ళంతా తడిసి ఆయిల్ కారుతుంటే, అప్పుడు మాత్రం షాకు పోయినట్టే. పైపైన దుమ్ము పట్టిన చెమ్మ ఉన్నంత మాత్రాన పోయినట్టు కాదు. బానెట్ మూల నొక్కి వదిలే పరీక్షని నమ్ముకోవద్దు. పూర్తిగా చచ్చిన షాకునే అది పట్టిస్తుంది.

తర్వాత చక్రం పైకి లేపి పైనా కిందా పట్టుకుని ఊపండి. ఆట (వదులు) ఉంటే బాల్ జాయింటో, వీల్ బేరింగో. ఎవరినైనా బ్రేకు తొక్కమనండి, ఆట ఆగిపోతే తప్పు బేరింగుది. ఎడమా కుడీ పట్టుకుని ఊపినప్పుడు ఆడితే టై రాడ్ ఎండు (స్టీరింగ్ కడ్డీకి చక్రం వైపు కొస), లేదా స్టీరింగ్ ర్యాకు లోపలి జాయింటు. టైర్ల మీద చెయ్యి కూడా రాయండి. లోపలి అంచు ఒక్కటే అరిగిందంటే చక్రాల కోణాలు, అంటే అలైన్‌మెంట్ తప్పిందని. తప్పడానికి ఆర్మ్ బుష్షో, టై రాడ్ ఎండో కారణం కావచ్చు.

ఇక ఖర్చు వరస. ముందు లింక్ రాడ్లు, స్టెబిలైజర్ బార్ రబ్బర్లు. వందల్లో అయిపోతుంది, సగం చప్పుడు ఇక్కడే పోవచ్చు. వీటికి అలైన్‌మెంట్ కూడా అక్కర్లేదు. తర్వాత లోయర్ ఆర్ములు, టై రాడ్ ఎండ్లు కలిపి ఒకేసారి చెయ్యండి. రెండూ అలైన్‌మెంటుని కదిలిస్తాయి, విడివిడిగా చేస్తే ఆ డబ్బు రెండుసార్లు. షాకులు చివరికి. ఏది మార్చినా రెండు వైపులా మార్చాలి. స్ప్రింగు విరగకపోతే, ఒక పక్క కుంగకపోతే దాని జోలికి వెళ్ళొద్దు.

ఆర్ముకి బుష్షు ఒక్కటే కొని లేత్ షాపులో ప్రెస్సు మీద ఎక్కించుకుంటే చౌక. కానీ బాల్ జాయింటు కూడా అరిగితే కొత్త ఆర్మే మేలు, రెండుసార్లు విప్పే కూలీ మిగులుతుంది. స్క్రాపు ఆర్ము వద్దు, వంగిందో లేదో కంటికి తెలీదు. పాత షాకుకి బెజ్జం వేసి, ఆయిల్ నింపి, వెల్డింగు పెట్టి, నల్లరంగు పూసి అమ్మేవాళ్ళున్నారు. గ్యాసు పోయిన షాకుకి రంగేస్తే బతుకుతుందా? జాయింట్లకి రానే, షాకులకి గాబ్రియేల్ లాంటివి చాలు. భీమవరంలో కొన్నా, బెజవాడ ఆటోనగర్లో కొన్నా ఛాసిస్ నంబరు రాసుకెళ్ళండి. ఒకే మోడల్లో ఏడాదిని బట్టి సామాను మారుతుంది.

సొంతంగా చేస్తే చోటు ముఖ్యం. మన పెరటి మట్టిలో జాకీ దిగిపోతుంది, కాబట్టి సిమెంటు కళ్ళం చూసుకోండి. అదీ లేకపోతే జాకీకీ స్టాండ్లకీ కింద మందపాటి చెక్క వెయ్యండి. ఒక్క జాకీని నమ్మి బండి కిందకి దూరొద్దు, ఇటుకల మీద అసలే నిలబెట్టొద్దు. ఉప్పుగాలికి బోల్టులు బుష్షు లోపలి గొట్టానికే తుప్పుతో అతుక్కుపోయుంటాయి. ముందురోజు సాయంత్రమే తుప్పు వదిలించే స్ప్రే కొట్టి ఉంచండి.

టై రాడ్ ఎండు తీసేటప్పుడు అది ఎన్ని చుట్లు తిరిగిందో లెక్కపెట్టి, కొత్తదాన్ని అన్నే చుట్లు ఎక్కించండి, అలైన్‌మెంట్ షాపు దాకా బండి నేరుగా వెళ్తుంది. స్ట్రట్ విప్పేముందు నకుల్ (చక్రం హబ్బుని పట్టుకునే ఇనుప భాగం) దగ్గర రెండు బోల్టుల స్థానం గుర్తు గీసుకోండి. బ్రేకు హోసునీ, ఏబీఎస్ ఉంటే దాని వైరునీ స్ట్రట్ మీదున్న పట్టీల నుంచి ముందే తప్పించండి. విప్పాక నకుల్‌ని తాడుతో కట్టెయ్యండి. బయటికి వేలాడితే డ్రైవ్ షాఫ్టు జాయింటు లోపల ఊడొచ్చు.

స్ట్రట్ పైనున్న మధ్య నట్టు మాత్రం స్ప్రింగు కంప్రెసరు లేకుండా ఎవరు చెప్పినా విప్పకండి. నొక్కుకుని ఉన్న ఆ స్ప్రింగు ఎగిరితే మొహమే పోతుంది. స్ట్రట్ ఊడదీసి షాపుకి పట్టుకెళ్ళి ఆ ఒక్క పనీ చేయించుకోండి. అప్పుడే మౌంటింగు, బేరింగు, బంప్ స్టాపు (షాకు అడుగంటకుండా ఆపే రబ్బరు) కూడా కొత్తవి వేయించండి, కూలీ అదే. వెనక షాకులు తేలిక, స్ప్రింగు వేరుగా ఉంటుంది. షాకు విప్పేముందు ఇరుసుకి కింద జాకీ ఆనించండి.

చాలామంది మెకానిక్కులు వదిలేసే పని ఒకటుంది. ఆర్మ్ బుష్షు బోల్టులు చక్రం గాల్లో ఉండగా బిగించొద్దు. అలా బిగిస్తే బండి దించగానే రబ్బరు మెలితిరిగి అలాగే ఉండిపోతుంది, కొన్ని నెలల్లోనే చిరుగుతుంది. వదులుగా పెట్టి, చక్రాల మీద బండి బరువు ఆనాక మాన్యువల్లో ఉన్న టార్కుకి (బిగింపు కొలతకి) బిగించండి. కొత్త బుష్షులు తొందరగా పోయాయని సామానుని తిట్టేవాళ్ళలో చాలామందికి అసలు కారణం ఇదే.

తర్వాత అలైన్‌మెంట్. ఒక ఐదొందల కిలోమీటర్లు తిరిగాక బోల్టులన్నీ మళ్ళీ పానాతో చూడండి. వాటర్ సర్వీసు కుర్రాడికి కూడా ముందే చెప్పండి, మెరుపు కోసం కింద డీజిల్ కొట్టొద్దని. కొత్త రబ్బరు ఉబ్బి మెత్తబడిపోతుంది. కుయ్యిమంటుంటే సిలికాన్ గ్రీజు చాలు.