లింక్డ్‌ఇన్ ఖాతా ఆగిపోతే ముందు మీ పేరు చూసుకోండి

బెంగళూరు మారతహళ్లిలో ఒక చిన్న కన్సల్టెన్సీలో నా ఉద్యోగం. కంపెనీలకు మనుషుల్ని వెతికిపెడతాను. ఎనిమిదేళ్లుగా పొద్దున్నే మొదట తెరిచేది ఉద్యోగాల సైటు లింక్డ్‌ఇనే. ఒక సోమవారం 500డి బస్సులో నిలబడి ఫోన్ తీస్తే నా పేజీ రాలేదు. ఖాతాను పరిమితం చేశామని ఒక వాక్యం, మీరెవరో నిరూపించుకోండని కింద ఒక బటన్. అంతే. బుధవారం ఒకమ్మాయికి ఇంటర్వ్యూ పెట్టించాను. అనంతపురం నుంచి రావాలి. ఆమె నంబరు ఆ మెసేజీల్లో తప్ప నా దగ్గర ఇంకెక్కడా లేదు. నాకు కాళ్లూ చేతులూ ఆడలేదు.

అదే టెన్షన్‌లో ఉన్నవాళ్ల కోసం ఇది రాస్తున్నాను.

ముందు ఆ స్క్రీన్ మీద ఉన్నది నిదానంగా చదివి, స్క్రీన్‌షాట్ తీసి పెట్టుకోండి. ఆంక్షలన్నీ ఒకటి కావు. ఫలానా తేదీ దాకా అని రాసి ఉంటే అది తాత్కాలికం, ఆ తేదీ వరకు ఆగితే చాలు. మిగతా ఖాతా పనిచేస్తూ పరిచయం కోసం పంపే కొత్త ఇన్విటేషన్లు మాత్రమే వెళ్లకపోతే, మామూలుగా వారంలో సర్దుకుంటుంది. గుర్తింపు కార్డు అడిగితే మాత్రం ఆ పని మీదే కూర్చోవాలి.

ఎందుకు ఆగిందో మీకు మీరు నిజాయితీగా చెప్పుకోండి. మా ఆఫీసులో టార్గెట్ల కోసం అందరం క్రోమ్ బ్రౌజర్‌లో ఒక ఎక్స్‌టెన్షన్, అంటే దానికి అదనంగా తగిలించే చిన్న ప్రోగ్రాం, పెట్టుకున్నాం. ప్రొఫైళ్లను వరసగా తెరిచి రిక్వెస్టులు పంపడం దాని పని. ఇలాంటివి వాడకూడదని లింక్డ్‌ఇన్ ఒప్పందంలో స్పష్టంగా ఉంది. తప్పు నాదే. మీ విషయంలో వేరే కారణం ఉండొచ్చు. పంపిన ఇన్విటేషన్లను చాలామంది పట్టించుకోకపోయినా, స్పామ్ అని నొక్కినా ఆపుతారు. ఆఫీసు వీపీఎన్ వేరే దేశం మీదుగా వెళ్తుంటే, పది నిమిషాల క్రితం బెళ్లందూరు పీజీలో ఉన్న మనిషి ఇప్పుడు జర్మనీలో ఉన్నట్టు కనిపిస్తుంది. కాబట్టి ఎక్స్‌టెన్షన్ తీసేయండి, వీపీఎన్ ఆపండి, రోజూ వాడే ఫోన్ నుంచే ప్రయత్నించండి.

ఇక అసలు సంగతి, పేరు. మన తెలుగువాళ్లు ఎక్కువగా ఇక్కడే ఇరుక్కుంటారు. ప్రొఫైల్‌లో నేను లక్ష్మి కె. డ్రైవింగ్ లైసెన్సులో కె వి నాగలక్ష్మి. పాస్‌పోర్టులో ఇంటిపేరు పూర్తిగా విప్పి ఒక గడిలో, వెంకట నాగ లక్ష్మి అని ఇంకో గడిలో. మన ఊళ్లో ఎవరినడిగినా ఈ ముగ్గురూ ఒక్కరేనంటారు. పోల్చి చూసే కంప్యూటరుకి ఇంటిపేరు ముందొస్తుందనీ, ‘కె’ వెనక ఒక వంశమే ఉందనీ ఎలా తెలుస్తుంది? తొందరలో నేను లైసెన్సు పంపాను, కుదరలేదని తిరిగొచ్చింది. అందుకే ఉన్న కార్డులన్నీ మంచం మీద పరిచి, ప్రొఫైల్‌లో ఉన్న పేరుకి ఏది దగ్గరగా ఉందో చూసి అదే ఇవ్వండి. పెళ్లయ్యాక ఇంటిపేరు మార్చుకున్నవాళ్లు ఇంకా జాగ్రత్తగా చూసుకోవాలి.

ఫోటో కూడా చిన్న విషయం కాదు. నా లైసెన్సు ఫోటో రాత్రి ట్యూబ్‌లైట్ కింద తీసింది. ప్లాస్టిక్ మీద తెల్లటి గీత పడి, సరిగ్గా పుట్టినతేదీ దగ్గర అక్షరాలు మాయమయ్యాయి. రెండోసారి పొద్దున ఎనిమిదింటికి కిటికీ పక్కన, ముదురు రంగు దుప్పటి మీద పాస్‌పోర్టు తెరిచిపెట్టాను. నాలుగు మూలలూ కనిపించేలా, ఫ్లాష్ లేకుండా తీశాను. పేజీ లేచిపోతుంటే మా అక్క అంచు మీద స్కేలు పెట్టి పట్టుకుంది. అక్షరాల మీద వేలు పడనివ్వకండి. సెల్ఫీ అడిగితే కళ్లజోడు తీసి, వెలుతురు మొహం మీద పడేలా నిలబడండి.

దాంతోపాటు హెల్ప్ సెంటర్ ఫారంలో నాలుగు వాక్యాలు రాయండి. నేను రాసింది ఇదీ: ప్రొఫైల్‌లో పేరు ఇలా ఉంది, పాస్‌పోర్టులో ఇలా ఉంది, మాలో ఇంటిపేరు ముందు రాస్తారు, రెండూ నావే. ఫలానా ఎక్స్‌టెన్షన్ వాడాను, తీసేశాను, మళ్లీ వాడను. ఏడుపులు, బెదిరింపులు వద్దు. అబద్ధం అసలే వద్దు. కేసు నంబరు రాసిపెట్టుకుని ఆ మెయిల్‌కే జవాబివ్వండి. రోజుకో కొత్త ఫారం నింపితే విషయం చెల్లాచెదురవుతుంది.

ఆగలేక రెండో ఖాతా తెరవకండి. ఒక మనిషికి ఒకే ఖాతా అన్నది నియమం. అది తెరిస్తే రెండూ పోయే ప్రమాదం ఉంది. డబ్బిస్తే తెరిపిస్తామనేవాళ్లు తప్పకుండా తగులుతారు. లింక్డ్‌ఇన్‌కి కస్టమర్ కేర్ ఫోన్ నంబరంటూ లేదు, వెతికితే దొరికే నంబర్లు మోసగాళ్లవే. పాస్‌పోర్టు ఫోటో వాట్సాప్‌లో ఎవరికీ పంపకండి. ఇప్పటికే డబ్బు కట్టేసి ఉంటే వెంటనే సైబర్ మోసాల హెల్ప్‌లైన్ 1930కి ఫోన్ చేయండి.

ఎంతకీ జవాబు రాకపోతే మన దేశంలో ఇంకో దారి ఉంది. 2021 ఐటీ నిబంధనల ప్రకారం ఇలాంటి సైట్లు ఫిర్యాదులు చూసే గ్రీవెన్స్ ఆఫీసర్‌ని పెట్టాలి, ఫిర్యాదు అందిందని 24 గంటల్లో చెప్పాలి. ఆ అధికారి నిర్ణయం నచ్చకపోతే 30 రోజుల్లోపు కేంద్ర ప్రభుత్వం పెట్టిన గ్రీవెన్స్ అప్పిలేట్ కమిటీకి ఆన్‌లైన్‌లోనే అప్పీలు చేసుకోవచ్చు. చాలామందికి ఈ కమిటీ సంగతే తెలియదు.

ఉద్యోగం వెతుక్కుంటున్నవాళ్లు ఈలోపు రెజ్యూమెలోంచి లింక్డ్‌ఇన్ లింకు తీసేయండి. నొక్కితే పేజీ రాకపోతే మాలాంటివాళ్లకి అనుమానం వస్తుంది, ఉన్నమాట చెబుతున్నాను. నౌక్రీ సైటులో మీ ప్రొఫైల్ కొత్తగా దిద్దుకోండి, హెచ్‌ఆర్‌లకు నేరుగా మెయిల్ పెట్టండి.

నా ఖాతా ఐదో రోజు, శుక్రవారం సాయంత్రం తెరుచుకుంది. ముందు పేరు పాస్‌పోర్టులో ఉన్నట్టే మార్చి, అందరూ పిలిచే పేరును అదనపు పేరు గడిలో పెట్టాను. తర్వాత సెట్టింగ్స్‌లో డేటా ప్రైవసీ కిందకి వెళ్లి నా డేటా కాపీకి రిక్వెస్ట్ పెట్టాను. ఖాతా బాగున్నప్పుడే మీరూ ఇది చేసిపెట్టుకోండి. జవాబు రాని పాత ఇన్విటేషన్లను మర్నాడు కూర్చుని వెనక్కి తీసుకున్నాను.

ఇన్‌బాక్స్‌లో అనంతపురం అమ్మాయి మెసేజీలు మూడున్నాయి. చివరిది బుధవారం పొద్దున తొమ్మిదింటికి పెట్టింది: ‘అక్కా, ఏ గేటు దగ్గరికి రావాలి?’ వెంటనే ఫోన్ చేశాను. ఆ రోజు మెజెస్టిక్‌లో దిగి మధ్యాహ్నం దాకా చూసి తిరిగి వెళ్లిపోయిందట. క్షమించమని అడిగి, సోమవారం కంపెనీ మేనేజరుతో మాట్లాడి ఇంకో తేదీ ఇప్పించాను. ఆమె నంబరు ఇప్పుడు నా ఫోన్లో ఉంది, మా అక్క పుస్తకంలోనూ ఉంది.